కాటా గదిలో నల్ల తెర

నల్ల తెర ముందు కూర్చున్నవాళ్ళు అబద్ధమాడతారని నాకు గట్టి నమ్మకం ఉండేది. ఇరవై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాను కాబట్టి ఆ నమ్మకం బాగా ముదిరిపోయింది. "ఏమైంది?" అని అడిగితే ఎవరైనా చెప్పేది ఒకటే మాట, "నేనేమీ ముట్టుకోలేదు." తీరా మానిటర్ వెనక్కి తొంగి చూస్తే ఎవరిదో మోకాలు తగిలి తీగ ఊడిపోయి ఉంటుంది. లేకపోతే కీబోర్డులో టీ ఒలికి ఉంటుంది. నేను తీగ బిగిస్తాను, ఏమీ అనను, కానీ అన్నట్టే ముఖం పెట్టి బయటికి వస్తాను. ఈ ముఖం మీద మా ఇంట్లో కూడా ఫిర్యాదులున్నాయి.

ఆ నమ్మకంతోనే బంటింగ్ దగ్గర ఒక పామాయిల్ మిల్లులో ఒక పెద్దావిడ ఉద్యోగానికి ఎసరు పెట్టాను. కావాలని కాదు. కానీ పెట్టింది మాత్రం నేనే.

మా ఆఫీసు క్లాంగ్‌లో. నాలుగు మిల్లుల కంప్యూటర్లు చూసుకోవడం నా పని. కంప్యూటర్లు అంటున్నాను గానీ వాటిని థిన్ క్లయింట్ అంటారు. అరచేతి వెడల్పు పెట్టె, మానిటర్ వీపుకి మరలతో బిగించి ఉంటుంది. దానిలో సొంతంగా దాచుకునేది దాదాపు ఏమీ ఉండదు. పొద్దున్నే స్విచ్ వేస్తే నెట్‌వర్క్ మీద సర్వర్‌ని వెతుక్కుంటుంది, సర్వర్ పంపిన బొమ్మని తెర మీద చూపిస్తుంది. దుమ్ముకి ఓర్చుకుంటుంది, కరెంటు తక్కువ తింటుంది, ఎవరైనా ఎత్తుకుపోయినా అందులో దొరికేదేమీ లేదు. మిల్లులాంటి చోటికి ఇంతకంటే మంచిది లేదని అమ్మినవాళ్ళు చెప్పారు, నేనూ తలూపాను. ఇప్పటికీ ఆ మాట తప్పనను.

మిల్లు గేటు పక్కన కాటా గది ఉంది. గెలలు నింపుకొచ్చిన లోరీ ముందు అక్కడి ఇనుప పలక మీద ఎక్కాలి. ఎంత బరువుందో గదిలో తెర మీద పడుతుంది. గదిలో మనిషి టికెట్ అచ్చు వేసి ఇస్తుంది, డ్రైవరు సంతకం పెడతాడు. లోపల గెలలు దించేసి వచ్చి ఖాళీ బండితో మళ్ళీ ఎక్కుతాడు. తెర వెలగకపోతే ఏ బండీ కదలదు. అరగంటలో లోరీల వరస పెద్ద రోడ్డు దాకా పోతుంది, హారన్ల మోతకి నా ఫోను మోగుతుంది.

ఆ గదిలో మనిషిని నేను పిన్నీ అనేదాన్ని. నాకు చుట్టరికం ఏమీ లేదు. మొదటిసారి అక్కడికి వెళ్ళినప్పుడు ఇపోలో ఉన్న మా అమ్మతో ఫోనులో తెలుగులో మాట్లాడుతుంటే, కిటికీ దగ్గర కూర్చున్న ఆవిడ టికెట్ చింపడం ఆపి నా వైపు తిరిగింది. ఫోను పెట్టేదాకా ఆగింది.

"ఏటే పిల్లా, మనోళ్ళా నువ్వు?"

అవునన్నాను.

"ఏ ఎస్టేటు మీది?"

తాతల నాడు తోటపనికి ఓడెక్కి ఇక్కడికొచ్చిన మనవాళ్ళు పేరు అడగడానికి ముందే ఎస్టేటు అడుగుతారు. ఇప్పుడు ఎవరూ ఎస్టేటులో ఉండకపోయినా సరే, ఆ ప్రశ్న దాటి ముందుకి వెళ్ళడానికి లేదు. మా తాతగారు ఇపో అవతల రబ్బరు తోటలో కిరాణీగా చేశారని చెప్పాను. కిరాణీ అంటే తోట గుమస్తా, కూలీల హాజరు రాసేవాడు, రబ్బరు పాల బరువు రాసేవాడు. ఆవిడ కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంది.

"కిరాణీ గారి మనవరాలివా! అలగ సెప్పు మరి. ఆ నీలం కుర్చీ ఇరిగిపోనాది, ఇందల కూకో."

తన కుర్చీ నాకిచ్చి తను స్టూలు మీద కూర్చుంది. ఆ రోజు నుంచి నేను వెళ్ళినప్పుడల్లా ఏదో ఒకటి పెట్టేది. ఉడకబెట్టిన కర్రపెండలం, పైన కొబ్బరి కోరు, పక్కన కొంచెం సంబల్, అంటే ఇక్కడి మిరప పచ్చడి. పని ముగిసేదాకా వదిలేది కాదు. "తిన్నావా, ఎంత తిన్నావు, ఎందుకేటి అంతే తిన్నావు" అని మూడు ప్రశ్నలు ఒకే ఊపిరిలో వచ్చేవి. మా అమ్మ కూడా అన్ని అడగదు.

ఐదేళ్ళు ఆ గదిలో పెట్టె ఏ తంటా లేకుండా నడిచింది. తర్వాత ఒక సోమవారం ఫోను వచ్చింది, తెర నల్లగా ఉందని.

నేను చేరేసరికి పది దాటింది. పెట్టె మీద పచ్చ దీపం వెలుగుతోంది. మానిటర్ మాత్రం సిగ్నల్ లేదని రాసి చూపించి, మళ్ళీ నల్లబడిపోతోంది. ఆ పెట్టె వెనక మానిటర్ తగిలించుకోవడానికి రెండు రంధ్రాలుంటాయి, ఒకటి కొత్త రకం, ఒకటి పాత రకం. ఆ మిల్లులో మానిటర్లన్నీ పాతవే, కాబట్టి బొమ్మని రెండో రంధ్రం గుండా పంపమని మొదట్లోనే ప్రతి పెట్టెకీ సెట్టింగు పెట్టాం. ఇప్పుడు కాటా గది పెట్టె ఆ మాట మరిచిపోయి, ఏమీ తగిలించని మొదటి రంధ్రం గుండా బొమ్మ పంపుతోంది. నా బండిలో ఉన్న చిన్న మానిటర్ తెచ్చి మొదటి రంధ్రానికి తగిలించి, సెట్టింగుల్లోకి వెళ్ళి సరిచేశాను. పది నిమిషాల పని. లోరీలు కదిలాయి.

బుధవారం మళ్ళీ ఫోను. శుక్రవారం మళ్ళీ. తర్వాతి వారం ఇంకో మూడుసార్లు. నేను వెళ్ళలేని రోజుల్లో అక్కడే వదిలిన నా చిన్న మానిటర్‌తో మిల్లు ఫిట్టరు, నేను ఫోనులో చెబుతుంటే, అదే పని నానా తిట్లూ తిట్టుకుంటూ చేసేవాడు.

సెట్టింగులు వాటంతటవే మారవు. ఎవరో మార్చాలి. ఎవరు మార్చగలరా అని చూస్తే ఆ గదిలో ఉన్నది ఒక్క మనిషే. ఆవిడ రోజూ పొద్దున్న ఏం చేస్తుందో నేను చూడాలనుకున్నాను, ఒక రోజు ఏడింటికే వెళ్ళి కూర్చున్నాను. ముందు తడిగుడ్డతో మానిటర్ తుడిచింది. తర్వాత కీబోర్డు తుడిచింది. మానిటర్ మూల కుంకుమ చుక్క పెట్టి, చేతులు కళ్ళకి అద్దుకుని, అప్పుడు పెట్టె బొత్తాం నొక్కింది. పెట్టె మొదలవుతుండగా ఎక్కడో మరక మిగిలిందని కీబోర్డు మీద ఇంకో చుట్టు గుడ్డ తిప్పింది.

తెర నల్లగానే ఉండిపోయింది. నాకు కావాల్సింది దొరికింది. పెట్టె మొదలయ్యే క్షణంలో కొన్ని మీటలు నొక్కితే సెట్టింగుల్లోకి పోతుంది, ఇంకో మీట నొక్కితే అన్నీ మొదటికి వస్తాయి. గుడ్డ కింద ఆ మీటలు పడుతున్నాయి! నాకు భలే గర్వం వేసింది. పిన్నికి వివరంగా చెప్పాను, ఇకమీదట స్విచ్ వేశాక కీబోర్డు ముట్టుకోవద్దని.

"సరిలే. ముట్టుకోను," అంది.

మర్నాడు మళ్ళీ నల్ల తెర.

"తుడిచారా పిన్నీ?"

"నేదే. నాను ముట్టుకోనేదు."

అదిగో ఆ మాట. ఇరవై ఏళ్ళుగా వింటున్న మాటే. అప్పటిదాకా ఆవిడ పెట్టిన కర్రపెండలం అరిగిపోయింది కాబోలు, నా ముఖం నాకు తెలియకుండానే అలా మారిపోయింది. ఆవిడ చూసింది.

మేము ఎక్కడికి వెళ్ళినా ఒక జాబ్ షీట్ నింపాలి. ఏమైంది, కారణం ఏమిటి, ఏం చేశాం. కింద ఒక సంతకం నాది, ఒకటి వాడేవారిది. కారణం అనే గడిలో నేను ఇంగ్లీషులో యూజర్ ఎర్రర్ అని రాశాను. అంటే వాడేవారి పొరపాటు. రాసి, కలం ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని సంతకం చేసింది. అలా పదకొండు షీట్లు. పదకొండింటిలోనూ అదే కారణం, పదకొండింటి కిందా, తోట బడిలో నేర్చిన తమిళ అక్షరాల్లో, అదే పొందికైన సంతకం.

ఆ షీట్ల కాపీలు మేనేజరుకి వెళతాయని నాకు తెలుసు. వాటితో ఆయన ఏం చేస్తాడన్నది ఎప్పుడూ ఆలోచించలేదు. ఒక రోజు ఆయనే పిలిచి చెప్పాడు. పిన్నికి అరవై నిండి ఏడాది దాటింది. అరవై తర్వాత ఉద్యోగం ఏడాదికోసారి పొడిగించాలి. ఆ కాగితం ఆయన బల్ల మీద ఉంది, శుక్రవారంలోగా ఏదో ఒకటి రాయాలి.

"మంచి మనిషే లా," అన్నాడు, ఇక్కడ అందరూ మాట చివర తగిలించే ఆ 'లా'తో. "కానీ వయసైపోతోంది. కంప్యూటరు పట్టుబడడం లేదు. నీ షీట్లే చెబుతున్నాయి కదా."

నా షీట్లే చెబుతున్నాయి. తలూపి వచ్చేశాను. నా రాతని ఎవరో ఇంత శ్రద్ధగా చదివారని లోపల ఎక్కడో కొంచెం సంతోషం కూడా వేసింది. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

పిన్నికి ఆ ఇంకో ఏడాది పని ఎంత ముఖ్యమో నాకు అంతకు ముందే తెలుసు. ఇంట్లో జరగక కాదు. కొడుకూ కోడలూ ఇద్దరూ ఫ్యాక్టరీలో సంపాదిస్తున్నారు, ఇంట్లో ఉండమని పోరుతున్నారు. పిన్ని వాళ్ళ అమ్మ రబ్బరు తోటలో పాలు మోసి తూకానికి ఇచ్చేదట. తూచేది ఒకరు, రాసేది ఒకరు, ఎంత రాశారో వాళ్ళ అమ్మకి చదవడం రాదు. "మా ఇంట్లో కాటాకి ఈ పక్కన కూకున్నదాన్ని నానొక్కదాన్నే," అని చెప్పింది ఒకసారి. "నాను రాసిన బరువు గ్రాము తేడా ఉండదు. డ్రైవర్లని అడుగు." నేను అడగాల్సిన పని లేకపోయింది, ఆవిడ టికెట్ ఇస్తే వాళ్ళు చూడకుండానే జేబులో పెట్టుకోవడం వెళ్ళినప్పుడల్లా చూస్తున్నాను. ఆవిడే వాళ్ళని ఆపి, ముందు చదువు, తర్వాత పెట్టు సంతకం అని కసిరేది.

ఆ శుక్రవారానికి రెండు రోజుల ముందు, బుధవారం మధ్యాహ్నం, ప్రింటరు బాగుచేయడానికి మిల్లుకి వెళ్ళాను. బయలుదేరే వేళకి ఆకాశం నల్లబడింది. మా వైపు సాయంత్రపు వాన ఎలాంటిదంటే, కారు దాకా పరిగెత్తే సాహసం ఎవరూ చేయరు. కాటా గదిలో కూర్చుండిపోయాను. ఐదున్నరకి చివరి బండి వెళ్ళింది. పిన్ని సర్వర్ నుంచి బయటికి వచ్చి, పెట్టె ఆపి, టిఫిన్ డబ్బా సంచిలో పెట్టుకుంది. తర్వాత బల్ల కిందికి వంగింది.

గోడ దగ్గర స్విచ్ టక్కున పడింది. ప్లగ్ కూడా లాగి, తీగని చుట్టి, బల్ల కాలుకి ఆనించి పెట్టింది.

"ఏటి చేసినారు పిన్నీ?"

"ప్లగ్గు తీసినాను."

"ఇవాళే తీసినారా?"

"రోజూ తీస్తాను." ఇది కూడా అడగాలా అన్నట్టు చూసింది. "పిడుగు పడతాది గదా. మా ఎస్టేటులో టీవీ అలగే కాలిపోనాది, కూలోళ్ళ ఇళ్ళ లయన్ల వరసంతటికీ ఆ ఒక్క టీవీయే. మా అయ్య ఆ రోజు నుంచి ఇంటికి పోయే ముందర అన్నీ పీకమన్నాడు. ఇరవై రెండేళ్ళయినాది ఈడ పనికొచ్చి, ఒక్కరోజూ మాననేదు."

నేను స్టూలు మీద అలాగే ఉండిపోయాను. పైకప్పు రేకుల మీద వాన చప్పుడుకి ఆవిడ ఇంకేం చెప్పిందో వినపడలేదు.

పెట్టె లోపల ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది, రూపాయి బిళ్ళంత. కరెంటు ఉన్నంతసేపూ దానితో పని లేదు. కరెంటు పూర్తిగా తెగినప్పుడు మాత్రం సెట్టింగుల్నీ గడియారాన్నీ పట్టుకుని ఉండేది అదే. ఐదారేళ్ళకి అది అయిపోతుంది, అయిపోయే ముందు కొన్ని రాత్రులు పట్టుకుంటుంది, కొన్ని రాత్రులు వదిలేస్తుంది. అయిపోయిన సంగతి ఎవరికీ తెలియదు, ఎందుకంటే అందరూ సాయంత్రం తెర ఆపి ఇంటికి పోతారు, గోడ స్విచ్ జోలికి పోరు. ప్లగ్ పీకే మనిషి నాలుగు మిల్లుల్లో కలిపి ఒక్కతే ఉంది.

మరలు తిప్పే స్క్రూడ్రైవర్ నా సంచిలోనే ఉంది. పెట్టె విప్పి బిళ్ళ తీసి మీటరు పెట్టాను. చచ్చిపోయి ఉంది. అన్నిటికంటే నన్ను కాల్చింది ఇంకొకటి. నేను సెట్టింగులు సరిచేసిన ప్రతిసారీ తెర పై మూల తేదీ కనపడేది. బ్యాటరీ పోతే ఆ తేదీ ఎప్పటిదో పాత జనవరి ఒకటికి పోతుంది. సర్వర్‌ని అందుకోగానే సరైన తేదీ అడిగి దిద్దుకుంటుంది, అందుకే పనిలో తేడా తెలియదు. కానీ నేను ఆ తెర ముందు పదకొండుసార్లు కూర్చున్నాను. పదకొండుసార్లూ ఆ తప్పుడు తేదీ నా ముక్కు ముందే ఉంది. ఐదేళ్ళు లేని తప్పు ఈ మనిషి ఇప్పుడే ఎందుకు చేస్తుందని ఒక్కసారి కూడా అనుకోలేదు. కుంకుమ చుక్కనీ తడిగుడ్డనీ చూసి, పాతకాలపు మనిషి కదా అనుకున్నాను. అక్కడితో వెతకడం ఆపేశాను.

మర్నాడు పొద్దున్న బంటింగ్ బజారులో వాచీలు బాగుచేసే అతని దగ్గర మిల్లు మొత్తానికీ సరిపడా బిళ్ళలు కొన్నాను. ఇన్ని వాచీలు ఎవరివని అడిగాడు. ముందు పిన్ని పెట్టెకి వేశాను. స్విచ్ తీసి, ప్లగ్ పీకి, టీ తాగి వచ్చి మళ్ళీ పెట్టాం. తెర చక్కగా వెలిగింది. పిన్ని తెరని చూసి, నన్ను చూసి, వచ్చిన లోరీ వైపు తిరిగింది.

అక్కడి నుంచి నేరుగా మేనేజరు గదికి వెళ్ళాను. మాటలతో చెబితే నమ్మడని తెలుసు, నేనైనా నమ్మేదాన్ని కాదు.

"మీ పెట్టె ప్లగ్ ఒక్కసారి తీసి పెట్టనా?"

"తియ్యి."

రెండు నిమిషాలు ఆగి మళ్ళీ పెట్టాను. పచ్చ దీపం వెలిగింది. తెర నల్లగా ఉండిపోయింది. ఆయన రెండు మీటలు నొక్కాడు, మానిటర్ పక్కన తట్టాడు, నా వైపు చూశాడు.

"నేనేమీ ముట్టుకోలేదు," అన్నాడు.

నవ్వు ఆపుకోవడం నా వల్ల కాలేదు. అయ్యా, ఆ మాటే పిన్ని కూడా చెప్పింది, నేను నమ్మలేదు అని మొత్తం చెప్పాను. బ్యాటరీ చూపించాను. మీ పెట్టెకీ అదే రోగం, మిల్లులో అన్నిటికీ అదే రోగం, ప్లగ్ తీసే అలవాటున్న మనిషి దగ్గర ముందు బయటపడింది అంతే అన్నాను. రేపెప్పుడో మిల్లంతా కరెంటు పోతే ఆ తర్వాత ఒక్క తెరా వెలగదని కూడా చెప్పాను.

ఆయన శ్రద్ధగానే విన్నాడు. విని, ఫైలు తెరిచి, నా పదకొండు షీట్లు బల్ల మీద పరిచాడు.

"మెషిన్ సంగతి సరే, ఒప్పుకుంటాను. ఈ సంతకాల మాటేమిటి? తప్పు తనది కాదని తెలిస్తే ఎందుకు పెట్టింది? చదవకుండా పెట్టిందన్న మాట. ఒకసారి కాదు, పదకొండుసార్లు. చదవకుండా సంతకం పెట్టే మనిషిని నేను కాటా దగ్గర ఎలా కూర్చోబెట్టను?"

వెళ్ళి అడిగి వస్తానన్నాను.

కాటా మీద బండి లేదు. పిన్ని కిటికీ దగ్గర టీ తాగుతోంది. ఆయన అన్నది అన్నట్టు చెప్పాను.

"సదవకుండా పెట్టడమేటి?" అంది, బాగా నొచ్చుకుని. "లోరీ కాయితాలన్నీ ఇంగ్లీషే గదా. ఇరవై రెండేళ్ళుగా అయ్యే సదువుతున్నాను. నువ్వు రాసిన రెండు మాటలు సదవలేనా?"

"అంటే మొదటి రోజు నుంచీ తెలుసా?"

"తెలుసు."

"మరి నాకెందుకు చెప్పలేదు? ఎందుకు పెట్టినారు పిన్నీ?"

గ్లాసు పక్కన పెట్టింది.

"నాను పెట్టనంటే మేనేజరు నిన్ను పిలవడా? పదకొండుసార్లు వచ్చినావు, ఏటి సేసినావు అని నీ బాస్ అడగడా? ఇన్నేళ్ళకి మనోళ్ళ పిల్ల ఒకతి పెట్టెలు బాగుసేసే పనిలో ఈడకొచ్చినాది. నీ రాత తప్పని ఆళ్ళందరి ముందరా నానెలగ అంటాను? మా అమ్మా అంతే. కిరాణీ గారు ఎంత రాస్తే అంతకి ఏలుముద్ర ఏసీది. అది మాత్రం బయపడి. నాను బయపడి కాదులే. నీ మీద నాకు ఇష్టం."

ఏడుపు రావడం, కోపం రావడం రెండూ ఒకేసారి జరిగితే నేను కోపాన్నే ఎంచుకుంటాను, అది నా గుణం. "మీ ఉద్యోగం పోయేది పిన్నీ!" అని గట్టిగా అరిచాను. అప్పుడే కాటా ఎక్కుతున్న డ్రైవరు కిటికీలోంచి తొంగి చూశాడు.

"అరవకు. ఆయనకి ఈ సంగతి సెప్పకు, తెలిసిందా? సదవకుండా పెట్టేసినాదని సెప్పేయ్."

చదవకుండా పెట్టిందని చెబితే ఉద్యోగం పోతుంది. ఆ సంగతి ఆవిడకీ తెలుసు. అయినా అదే చెప్పమంది.

నా సంచిలోంచి కొత్త జాబ్ షీట్ తీశాను. అక్కడే బల్ల మీద, ఆవిడ ఎదురుగానే రాశాను. వెనకటి పదకొండు షీట్లలోనూ కారణం తప్పు. అసలు కారణం బ్యాటరీ. కనిపెట్టాల్సింది నేను, కనిపెట్టలేదు, తప్పు నాది. వాడేవారి తప్పు ఏమీ లేదు. చివరన ఇంకో వాక్యం చేర్చాను, ఆ షీట్లలో రాసింది తప్పని ఆమె చదివి తెలుసుకున్నారు, నా మాట పోకూడదని సంతకం పెట్టారు అని.

ముందు నేను సంతకం చేసి, కలం ఇచ్చాను. పిన్ని కళ్ళజోడు పెట్టుకుంది. వేలు కింద పెట్టుకుంటూ ఒక్కో మాటా చదివింది. తప్పు నాది అన్నచోట వేలు ఆగింది. అక్కడ చాలాసేపు ఉంది. తర్వాత కిందికి వచ్చింది, చివరి వాక్యం చదివింది, తల అడ్డంగా ఊపింది.

"ఇది ఒద్దు."

"అది నిజం కదా."

"నిజమైనా ఒద్దు. నాకూ నీకూ మజ్జినున్న మాట ఆఫీసు కాయితం మీద ఎందుకేటి?"

సొరుగులోంచి స్కేలు తీసింది. కాటా టికెట్ మీద ఏదైనా దిద్దాలంటే మిల్లులో ఒక పద్ధతుంది. తుడపకూడదు, పైన రాసి నలపకూడదు. స్కేలు పెట్టి ఒక్క గీత గీయాలి, పక్కన పొడి అక్షరాలు వేయాలి. పిన్ని ఆ పద్ధతిలోనే నా చివరి వాక్యాన్ని కొట్టేసింది. పక్కన తన పొడి అక్షరాలు వేసి, కింద నిండు సంతకం చేసి, కాగితం నా చేతికిచ్చింది.

నేను దాన్ని మేనేజరు బల్ల మీద పెట్టి నిలబడ్డాను. ఆయన పై నుంచి చదువుతూ వచ్చాడు. కొట్టేసిన చోట ఆగాడు. కాగితాన్ని కిటికీ వెలుగు వైపు తిప్పాడు. తర్వాత ఆ గీత మీద వేలితో మెల్లగా రుద్ది, "చదివే పెడుతుంది," అన్నాడు.

"అవును."

పొడిగింపు కాగితం తీసి, నా ఎదురుగానే సంతకం చేశాడు. నా షీట్‌ని మా ఆఫీసుకి పంపుతానని కూడా చెప్పాడు. పంపాడు. ఆ వారం మా బాస్ నన్ను కూర్చోబెట్టి ముప్పావు గంట వాయించాడు. నాకు ఒక్క మాట కూడా తగలలేదు.

కాటా గదికి తిరిగి వెళ్ళేసరికి మూడు లోరీలు వరసలో ఉన్నాయి. పిన్ని చెయ్యెత్తి ఆగమంది. టికెట్ చింపి, డ్రైవరు చదివేదాకా చూసి, సంతకం పెట్టించుకుని, అప్పుడు నా వైపు తిరిగింది.

"ఏటన్నాడు?"

"ఇంకో ఏడాది పిన్నీ." స్టూలు లాక్కుని కూర్చున్నాను. "కానీ మీరు కొట్టేసింది కూడా ఆయన చదివేసినాడు."

పిన్ని తర్వాతి లోరీకి రమ్మని చెయ్యి ఊపింది. కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"సదువుతాడనే ఒక్క గీత గీసినాను," అంది. "నిజంగా ఒద్దనుకుంటే కాయితం సింపేసి ఇంకోటి రాయమననా ఏటే?"